స్వచ్ఛంద సంస్థలకు ఉచితంగా బొమ్మలు వేస్తూ సొంత కామిక్ కూడా పూర్తి చేయడం కుదురుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: విశాఖలో ఇంటి నుంచే ఫ్రీలాన్సుగా బొమ్మలు వేస్తున్నారు. రక్తదాన శిబిరం వాళ్లు పోస్టర్లు అడిగారు, ఒక వృద్ధాశ్రమం సావనీర్‌కి బొమ్మలు కావాలంది, బధిర పిల్లల బడి వాళ్లు గోడలకు ఏదైనా వేసిపెట్టమన్నారు. అందరూ ఉచితంగానే అడుగుతున్నారు. కాదనలేకపోతున్నారు, మీ కామిక్ మాత్రం కొన్ని పేజీల దగ్గరే ఆగిపోయింది.

కుదురుతుంది. ఇదే ఊళ్లో ఏళ్లుగా ఈ పని మీదే బతుకుతున్నాను కాబట్టి నమ్మకంగా చెబుతున్నాను. ఇచ్చే ఉచిత పనిని వీలైనంతవరకు కామిక్ రూపంలోనే ఇవ్వండి. డబ్బు తీసుకునే పనికి ఎంత పక్కాగా కాగితం రాసుకుంటారో దీనికీ అంతే పక్కాగా రాసుకోండి. ఈ రెండూ జరిగితే సేవ మీ కామిక్‌కి అడ్డం రాదు, దానికే సాధన అవుతుంది.

ముందు ఒక్క విషయం ఎంచుకోండి. నేను సముద్రాన్ని ఎంచుకున్నాను. ఏటా చలికాలం చివర, ముఖ్యంగా జనవరి నుంచి మార్చి దాకా, ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి రాత్రిపూట వచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కో గూటిలో వంద దాకా గుడ్లు ఉంటాయి. దాదాపు 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. చీకట్లో ఎటు వెలుతురు ఎక్కువుంటే అటు నడవడం వాటి స్వభావం. దీపాలు లేని తీరంలో ఆ వెలుతురు సముద్రం వైపే ఉంటుంది, రోడ్డు దీపాలున్న చోట పిల్లలు రోడ్డు వైపు పాకేస్తాయి. ఇది బొమ్మల్లో చెప్పడానికి ఎంత బావుంటుందో చూడండి! మాటలు దాదాపు అక్కర్లేదు. ఒకే విషయం మీద పనిచేస్తే వలలు, బోట్లు, ఇసుక మీద జాడలు అన్నీ ఫొటో చూడకుండానే చేతికి వస్తాయి. నా సొంత కామిక్ జరిగేది కూడా జాలరిపేటలోనే, కాబట్టి అక్కడ గీసిన ప్రతి స్కెచ్ రెండు చోట్లా పనికొచ్చింది.

రూపం విషయంలో నాకు బాగా ఉపయోగపడింది గోడపత్రిక కామిక్. శరద్ శర్మ గారు మొదలుపెట్టిన వరల్డ్ కామిక్స్ ఇండియా వాళ్లు దేశమంతా తిరిగి మామూలు జనానికి నేర్పుతున్న పద్ధతి ఇది. నాలుగు గడులు. రెండు ఏ4 కాగితాలు అతికిస్తే ఒక పోస్టరు. నలుపు తెలుపుల్లోనే ఉంటుంది కాబట్టి ఏ జిరాక్స్ షాపులోనైనా కాపీలు తీయించవచ్చు. ఒకటే జాగ్రత్త: బూడిద రంగు షేడింగ్ పెట్టకండి, జిరాక్స్‌లో మచ్చలుగా మారుతుంది. గీతలు లావుగా ఉండాలి, నలుపు నిండుగా ఉండాలి. నాలుగు గడులే కాబట్టి పని ఎక్కడ ఆగుతుందో ముందే తెలుస్తుంది, కొన్ని సాయంత్రాల్లో ముగుస్తుంది. అదీగాక ఒక కథను నాలుగు గడుల్లో ఇమడ్చడం కన్నా మంచి కామిక్ పాఠం నేనింకా చూడలేదు.

ఇంకింగ్ చేసేముందు, అంటే పెన్సిల్ గీతల మీద సిరా దిద్దేముందు, ఆ పెన్సిల్ బొమ్మను ఆ పోస్టరు ఎవరి కోసమో వాళ్లకే చూపించండి. సంస్థ ఆఫీసులో ఓకే అన్నంత మాత్రాన సరిపోదు. వలలో చిక్కిన తాబేలును వల కోసి వదిలేయమని చెప్పే పోస్టరు పెన్సిల్‌లో ఉండగా పేటకు తీసుకెళ్లాను. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన నాలుగు గడులూ నిదానంగా చూసి, "కోసీమంటే కోసేత్తాం బాబూ, మరి వల కరీదెవులిత్తారు?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. సంస్థ వాళ్లతో మాట్లాడి మూడో గడిలో ఆ ప్రశ్ననే ఆయన మాటల్లో పెట్టాం. నాలుగో గడిలో ఆ వల పట్టుకుని ఆయన మీటింగులో నిలబడి అడుగుతున్నట్టు వేశాను. ఆ పోస్టరు దగ్గరే జనం ఆగి మాట్లాడుకున్నారు. జాలర్లకు నీతులు చెప్పే పోస్టర్లు ఇప్పటికే బోలెడున్నాయి. వాళ్ల తరఫున అడిగే పోస్టరు మీరు వేస్తే అదే అసలైన సేవ అని నా గట్టి అభిప్రాయం.

ఎవరికి ఉచితంగా చేయాలి? అడిగిన సంస్థలో మిగతావాళ్లు కూడా జీతం లేకుండానే పనిచేస్తున్నారా అని చూస్తాను. ప్రెస్సుకు, హాలుకు, ఫొటోగ్రాఫర్‌కి డబ్బిచ్చి బొమ్మలు మాత్రం ఉచితంగా అడిగితే తగ్గించిన రేటు చెబుతాను, మర్యాదగానే. ఈ లెక్కన సావనీర్‌కి రేటు చెప్పండి, దానికి ప్రకటనల డబ్బు వస్తుంది. రక్తదానం పోస్టరు ఒక్కటే వేసి, ఏటా తేదీ మార్చుకుని వాడుకునేలా ఖాళీ వదిలి ఇవ్వండి. బధిర పిల్లల బడిని మాత్రం వదులుకోకండి. మాటల్లేని కామిక్ గోడ మీద వేసే అవకాశం కామిక్ ఆర్టిస్టుకు అంత తేలిగ్గా రాదు.

ఇక కాగితం. ఒక్క పేజీ చాలు. ఎన్ని బొమ్మలు, ఎప్పటికి, ఎక్కడ వాడతారు, ఎంతకాలం వాడతారు, కరెక్షన్లు ఎన్నిసార్లు (నేను రెండుసార్లు అంటాను), ఓకే చెప్పే మనిషి ఎవరు. చివరిది చాలా ముఖ్యం. కమిటీలో ఆరుగురు ఆరు రకాలుగా చెబితే ఆ బొమ్మ ఎప్పటికీ తేలదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మామూలుగా బొమ్మ హక్కు గీసినవాళ్లదే. హక్కు వేరొకరికి పోవాలంటే రాతపూర్వకంగా సంతకంతో ఉండాలి. అలా రాసిన కాగితంలో కాలం చెప్పకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం చెప్పకపోతే భారతదేశం వరకుగా లెక్క. కానీ డబ్బు తీసుకుని ఒకరి కోరిక మీద వేసిన పెయింటింగ్, పోర్ట్రెయిట్ లాంటివాటికి, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులవుతారు. కాబట్టి డబ్బు పనులకూ ఈ కాగితం కావాలి. ఒకచోట ఉచితంగా ఇచ్చిన నా బొమ్మను అమ్మకానికి పెట్టిన క్యాలెండరు మీద చూశాను. కాగితం ఉంది కాబట్టి ఒక్క ఉత్తరంతో ఆపారు.

బిల్లు కూడా ఇవ్వండి. మామూలు రేటు రాసి, కింద పూర్తి తగ్గింపు చూపించి, కట్టాల్సింది సున్నా అని రాయండి. వచ్చే ఏడు వాళ్లకు గ్రాంటు వస్తే బొమ్మలకూ ఒక పద్దు పెట్టాలని అప్పుడే తెలుస్తుంది. ఒక మాట, 80జి అని మనం పిలిచే పన్ను మినహాయింపు డబ్బు విరాళానికే, మన శ్రమకు రాదు. ఆ ఆశతో లెక్కలేసుకోకండి.

మీ కామిక్ ఎక్కడ ఆగిందో మీరు చెప్పలేదు కానీ, తెలుగులో చాలామందికి లెటరింగ్ దగ్గరే, అంటే బెలూన్లలో (పాత్రల మాటలుండే బుడగల్లో) అక్షరాలు రాసే దగ్గరే ఆగుతుంది. మనకు కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య ఇంగ్లీషు కన్నా ఎక్కువ ఖాళీ కావాలి. మాటలు పొడుగు, బెలూన్ సన్నగా ఉంటే ఒక్కో వరుసలో ఒక్క మాటే పడుతుంది. అందుకే నేను ముందు మాటలు పేర్చి, బెలూన్లు గీసి, మిగిలిన చోట మనుషుల్ని నిలబెడతాను. బాపు గారి బొమ్మల్లో అక్షరం కూడా బొమ్మలో భాగంగా ఎలా కుదురుకుంటుందో ఒకసారి మళ్లీ చూడండి. చేతిరాత కుదరకపోతే సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా విడుదల చేసిన ఫాంట్లలో మండలి బెలూన్లకు చదవడానికి హాయిగా ఉంటుంది, రామభద్ర అరుపులకు, శబ్దాలకు నప్పుతుంది. అవి యూనికోడ్ కాబట్టి రేపు వెబ్‌లో పెట్టినా అక్షరాలు చెడవు. పేజీలు పేర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వాడేటప్పుడు వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఎంచుకోండి, లేదంటే వత్తులు విడిపోతాయి.

పేజీలు నాలుగు గుణిజాల్లో ఉండేలా చూసుకోండి, పిన్ను కొట్టే పుస్తకానికి అదే లెక్క. మొదట కొద్ది కాపీలు డిజిటల్‌లో వేయించండి, ఆఫ్‌సెట్ సంగతి తర్వాత. పిల్లల కథ అయితే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైట్ ఉంది. కానీ అక్కడి లైసెన్సు ప్రకారం మీ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. సేవగా చేసిన కథలు అక్కడ పెట్టండి, మీ అసలు కామిక్ మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.

నేను వాడే ఒక్క పేజీ ఒప్పందం తెలుగులోనే ఉంది. కావాలంటే కామెంటులో అడగండి, పేర్లు తీసేసి ఇక్కడే పెడతాను.