గేర్‌బాక్స్ ఆయిల్ ఏది పోయాలి, ఎలా మార్చాలి: రెండో గేరు కరకర గురించి జవాబు

మీరు అడిగింది ఇదీ: ముందు చక్రాలు లాగే ఐదు గేర్ల మాన్యువల్ కారు, 70,000 కిలోమీటర్లు తిరిగింది. పొద్దున బండి తీసిన మొదటి పది నిమిషాలు రెండో గేరు కరకరమంటోంది. కారుతో వచ్చిన మాన్యువల్ పుస్తకంలో 75డబ్ల్యూ-80, జీఎల్-4 అని ఉంది. మెకానిక్ మాత్రం 80డబ్ల్యూ-90 జీఎల్-5 పోద్దాం, నంబరు పెద్దది, చిక్కగా ఉంటుంది, ఇంకా మంచిది అంటున్నాడు. పోయించవచ్చా, ఆయిల్ మీరే మార్చుకోవచ్చా?

ఆ ఆయిల్ పోయించకండి. పొద్దున పది నిమిషాలు ఉన్న ఇబ్బంది ఇంకా ఎక్కువసేపు ఉండొచ్చు. మార్చుకోవడం మాత్రం మీరే చేసుకోగల పని, కారు నాలుగు వైపులా సమంగా ఎత్తి స్టాండ్ల మీద నిలపగలిగితే.

ముందు లోపల ఏం జరుగుతుందో చూడాలి, ఎందుకంటే ఏ ఆయిల్ అన్నది అక్కడే తేలుతుంది. మీరు గేరు మార్చినప్పుడు షాఫ్ట్ ఒక వేగంలో, పట్టుకోవాల్సిన గేరు ఇంకో వేగంలో తిరుగుతుంటాయి. వాటి మధ్య సింక్రో రింగ్ ఉంటుంది. చాలా గేర్‌బాక్సుల్లో అది ఇత్తడిదో కంచుదో. గేరుకి ఉన్న శంకువు లాంటి భాగాన్ని అది తన లోపలి ముఖంతో ఒరుసుకుని, బ్రేకు లాగా పట్టి, రెండు వేగాల్నీ ఒకటి చేస్తుంది. అప్పుడే స్లీవ్ (గేరుని షాఫ్ట్‌కి కలిపే జారుడు రింగ్) పళ్లు చప్పుడు లేకుండా జారి కూర్చుంటాయి. రింగ్ లోపలి ముఖం మీద సన్నని గాడులుంటాయి. వాటి పని ఆయిల్ పొరని కోసి పక్కకి తోసేయడం. ఆయిల్ మరీ చిక్కగా ఉంటే ఆ పొర టైముకి తెగదు, రింగ్ జారిపోతుంది, వేగాలు కలవకముందే పళ్లు ఢీకొంటాయి. మీకు వినిపించే కరకర ఇదే. రెండో గేరుకే ముందు రావడానికి కారణం, ఒకటికీ రెండుకీ మధ్య వేగం తేడా పెద్దది, పైగా ఊళ్లో తిరిగే బండిలో ఎక్కువ వాడేది ఆ గేరే.

అంటే ఈ ఆయిల్ రెండు ఎదురెదురు పనులు చేయాలి. గేరు పళ్ల దగ్గర జారుడు కావాలి, సింక్రో దగ్గర పట్టు కావాలి. ఈ సంగతి పట్టించుకోకుండా బాగా జారేదే మంచి ఆయిల్ అనుకోవడం వల్లే సగం గేర్‌బాక్సులు పాడవుతున్నాయని నా అభిప్రాయం.

ఇక జీఎల్-4, జీఎల్-5 సంగతి. ఇవి అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఇచ్చిన వర్గాలు. నాణ్యతకి వేసిన మార్కులు కావు, వేరువేరు పనులకి పెట్టిన పేర్లు. వెనక చక్రాల డ్రైవ్ ఉన్న బండి డిఫరెన్షియల్‌లో (రెండు చక్రాలకీ బలం పంచే గేర్ల పెట్టెలో) హైపాయిడ్ గేర్లుంటాయి. వాటి పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాదు, విపరీతమైన ఒత్తిడితో పొడవునా రాసుకుంటూ జారతాయి కూడా. అక్కడ మామూలు ఆయిల్ పొర నిలవదు. అందుకని జీఎల్-5లో గంధకం, భాస్వరం ఉన్న రసాయనాలు ఎక్కువ కలుపుతారు, జీఎల్-4లో ఉన్నదానికి ఇంచుమించు రెట్టింపు. వేడెక్కినప్పుడు అవి లోహం మీద చర్య జరిపి ఒక రక్షణ పొర ఏర్పరుస్తాయి. ఇనుము, ఉక్కుకి అది మేలే. కానీ చురుకైన గంధకం ఇత్తడినీ కంచునీ మెల్లగా తినేస్తుంది. అంతకంటే ముందే కనిపించే నష్టం, సింక్రో రింగ్‌కి కావలసిన పట్టు తగ్గిపోవడం. ఇంజిన్ అడ్డంగా ఉన్న ముందు చక్రాల డ్రైవ్ కార్లలో ఫైనల్ డ్రైవ్ (గేర్‌బాక్స్ నుంచి చక్రాల వైపు బలం అందించే చివరి గేర్ల జత) సాధారణంగా ఏటవాలు పళ్ల హెలికల్ గేరే, హైపాయిడ్ కాదు. దానికి జీఎల్-4 బలం చాలు.

అలాగని జీఎల్-5 అంటే విషం అని కూడా అనుకోవద్దు. ఇంజిన్ బండి పొడవునా ఉండి, గేర్‌బాక్సూ హైపాయిడ్ ఫైనల్ డ్రైవూ ఒకే ఆయిల్‌లో మునిగే కార్లున్నాయి. వాటికి తయారీదారే ఇత్తడికి హాని చేయని జీఎల్-5 ఆయిల్ చెబుతాడు. అప్పుడు అదే పోయాలి. మాన్యువల్లో ఏముంటే అది, అంతే. సీసా మీద జీఎల్-4/జీఎల్-5 రెండూ కలిపి రాసి ఉంటే అది జీఎల్-5 స్థాయి రసాయనాలున్న ఆయిలే అనుకోవాలి, తయారీదారు డేటా షీట్ చూడకుండా కొనకండి. షీట్‌లో రాగి పట్టీ తుప్పు పరీక్ష ఫలితం ఉంటుంది. ఆ కొలత 1ఏ దగ్గర మొదలై 4సీ దాకా పోతుంది. 1ఏ, 1బీ అంటే రాగి దాదాపు అలాగే ఉందని అర్థం. ఎల్ఎస్ అని అక్షరాలున్న ఆయిల్ మాత్రం గేర్‌బాక్స్ దరిదాపులకి రానివ్వకండి. అది లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ కోసం జారుడు రసాయనం అదనంగా కలిపినది.

చిక్కదనం నంబర్లు చాలామందిని తప్పుదారి పట్టిస్తాయి. గేర్ ఆయిల్ కొలతా ఇంజిన్ ఆయిల్ కొలతా వేరు. 75డబ్ల్యూ-90లోని 90 అంటే 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్ (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) మధ్య. ఇంజిన్ ఆయిల్ 40 అంటే 12.5 నుంచి 16.3 మధ్య. అంటే 90 నంబరు గేర్ ఆయిల్ వేడిలో ఇంచుమించు 40, 50 నంబర్ల ఇంజిన్ ఆయిల్ అంత చిక్కగానే ఉంటుంది. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో సంగతి చెబుతుంది. 75డబ్ల్యూ అయితే మైనస్ 40 డిగ్రీల దగ్గర కూడా నిర్ణీత హద్దు లోపలే పారాలి, 80డబ్ల్యూకి అదే పరీక్ష మైనస్ 26 దగ్గర. అంత చలి లేకపోయినా, రాత్రంతా నిలిపిన బండిలో ఈ తేడా చేతికి తెలుస్తుంది. మీకు కావలసింది మాన్యువల్ చెప్పిన 75డబ్ల్యూ-80 జీఎల్-4, సింథటిక్ అయితే మరీ మంచిది.

ఇంకొకటి, అన్ని మాన్యువల్ గేర్‌బాక్సులూ గేర్ ఆయిల్ వాడవు. కొన్ని డెక్స్రాన్ రకం ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల ద్రవం) మీద నడుస్తాయి, కొన్నింటికి కంపెనీ సొంత ఎంటీఎఫ్ (మాన్యువల్ గేర్‌బాక్స్ ద్రవం) ఉంటుంది, పాత హోండాలు కొన్ని అవసరానికి 10డబ్ల్యూ-30 ఇంజిన్ ఆయిల్‌తో కూడా నడుస్తాయి. పల్చటి ఆయిల్‌కి తగ్గట్టు కట్టిన పెట్టెలో 80డబ్ల్యూ-90 పోస్తే గేర్లు బురదలో కర్ర దింపినట్టు పడతాయి.

ఆయిల్ కొనేముందు క్లచ్‌ని అనుమానించండి. బండి నిలిపి, ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా క్లచ్ పూర్తిగా తొక్కి, అయిదారు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. అప్పుడూ కరకరమంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. కేబుల్ అడ్జస్ట్‌మెంటో, హైడ్రాలిక్ లైన్‌లో గాలో చూడాలి, ఏ ఆయిల్ పోసినా అది తగ్గదు. రివర్స్ సాఫీగా పడి, రెండో గేరు ఒక్కటే, అదీ చల్లగా ఉన్నప్పుడే ఇబ్బంది పెడితే ఆయిల్ మార్చి చూడటం సరైన పని. వేడెక్కాక కూడా కరకర పోకపోతే సింక్రో అరిగిపోయినట్టు. ఆయిల్‌తో కొంత ఉపశమనం దొరకొచ్చు, మరమ్మతు మాత్రం కాదు.

ఇక మార్చే పని. ముందు 10, 15 నిమిషాలు బండి నడిపి ఆయిల్‌ని వెచ్చబరచండి. గోరువెచ్చగా ఉంటే బాగా కారుతుంది, అడుగున పేరుకున్న మడ్డి కూడా కదులుతుంది. నాలుగు చక్రాలూ ఎత్తండి. ముందు రెండే ఎత్తితే ఆయిల్ మట్టం వాలిపోయి లెక్క తప్పుతుంది. జాక్ మీద మాత్రమే ఆధారపడి కిందకి దూరకండి, స్టాండ్లు పెట్టి, బండిని చేత్తో ఊపి చూశాకే.

అన్నిటికంటే ముఖ్యం: మొదట విప్పాల్సింది పైనున్న ఫిల్లర్ ప్లగ్, అంటే ఆయిల్ పోసే రంధ్రం మూత. కిందున్న డ్రెయిన్ ప్లగ్ (ఆయిల్ కార్చే మూత) విప్పి ఆయిల్ అంతా పోయాక ఫిల్లర్ బిగుసుకుపోయి రాకపోతే, బండి అక్కడే ఉండిపోతుంది. తలకి సరిపోయే పనిముట్టే వాడండి. చాలా ఫోక్స్‌వ్యాగన్లకి 17 మిల్లీమీటర్ల అలెన్ కీ, రెనోలకి 8 మిల్లీమీటర్ల చదరపు కీ, చాలా టొయోటాలకి 24 సాకెట్ పడతాయి. ప్లగ్‌లు ఏవో మాన్యువల్ బొమ్మలో పోల్చుకున్నాకే చెయ్యి వేయండి. గేర్‌బాక్స్ ఒంటి మీద ప్లగ్ లాగే కనిపించే బోల్టులు కొన్ని ఉంటాయి. ఒకదాని వెనక స్ప్రింగూ గోళీ ఉంటాయి, ఇంకొకటి రివర్స్ గేరు షాఫ్ట్‌ని పట్టి ఉంచుతుంది. అది విప్పితే పెట్టె మొత్తం విప్పే పని పడొచ్చు. ఇంజిన్ ఆయిల్ ప్లగ్ విప్పేసి, గేర్‌బాక్స్‌లో ఉన్న ఆయిల్ మీదే కొత్తది పోసేవాళ్లు కూడా తక్కువేం కాదు. కారేది నల్లగా, పల్చగా ఉంటే ఆగండి. గేర్ ఆయిల్ తేనె రంగు నుంచి గోధుమ రంగు దాకా ఉంటుంది, ఘాటైన గంధకం వాసన కొడుతుంది.

డ్రెయిన్ విప్పి, ధార చుక్కలయ్యేదాకా 15, 20 నిమిషాలు వదిలేయండి. వచ్చిన ఆయిల్‌ని కొలత గీతలున్న సీసాలో పోసి ఎంతుందో రాసుకోండి. మాన్యువల్ 2 లీటర్లంటే 1.4 మాత్రమే వస్తే ఎక్కడో కారుతోంది. గేర్ ఆయిల్ ఇంజిన్ ఆయిల్‌లా కాలిపోదు, తగ్గిందంటే బయటికి పోయినట్టే. డ్రైవ్ షాఫ్ట్ సీళ్లు, గేర్ సెలెక్టర్ షాఫ్ట్ సీల్, క్లచ్ వైపున్న ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ చూడండి. తక్కువ ఆయిల్‌తో నడిచిన పెట్టెలో చాలాసార్లు ముందు దెబ్బ తినేది ఐదో గేరు. చాలా డిజైన్లలో అది చివర వేరే మూత కింద, మిగతావాటికి దూరంగా ఉంటుంది కాబట్టి.

ప్లగ్‌కి అయస్కాంతం ఉంటే దాన్ని వేళ్ల మధ్య రుద్ది చూడండి. బూడిద రంగు మెత్తటి ముద్ద, కాటుకలా నలిగిపోయేది, మామూలు అరుగుదల. గోరుకి తగిలే ముక్కలు, సూదిలాంటి పేళ్లు కనిపిస్తే గేరు పన్నో బేరింగో పోయింది. ఇత్తడి అయస్కాంతానికి అంటదు. దానికోసం కారిన ఆయిల్‌ని ఎండలో వంచి చూడండి, బంగారు తళుకు ఎక్కువగా ఉంటే అది మీ సింక్రో రింగే. ఆయిల్ పాలు కలిపినట్టుంటే లోపలికి నీళ్లు చేరాయి. బ్రీదర్ (గేర్‌బాక్స్‌కి గాలి ఆడే సన్న దారి) చూసి, కొత్త ఆయిల్ పోసి, కొన్ని వందల కిలోమీటర్లకి మళ్లీ మార్చాలి.

డ్రెయిన్ ప్లగ్ తుడిచి, కొత్త వాషర్ వేసి, ముందు చేత్తో నాలుగు చుట్లు తిప్పి, తర్వాత టార్క్ రెంచ్‌తో బిగించండి. అంకె మీ కారు సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. అల్యూమినియం ఒంట్లో ఉక్కు ప్లగ్‌ని బలం చూపించి తిప్పితే మర ఊడి వస్తుంది. వాషర్ లేని, కొసకి సన్నబడే ప్లగ్ అయితే ఇంకా జాగ్రత్త, ఎక్కువ బిగిస్తే ఒళ్లే పగులుతుంది.

పోయడానికి ఇంజిన్ వైపు నుంచి గరాటుకి పొడవాటి గొట్టం తగిలించి ఫిల్లర్ రంధ్రంలోకి దింపితే చాలు. సీసాని ముందుగా వేడినీళ్ల బకెట్‌లో కాసేపు ఉంచితే చకచకా దిగుతుంది. మామూలు కార్లలో 1.5 నుంచి 2.5 లీటర్ల దాకా పడుతుంది. రంధ్రం అంచు నుంచి ధారగా బయటికి వచ్చి, అది చుక్కలుగా మారాక సరిపోయినట్టు. న్యూట్రల్‌లో ఉంచి చక్రాన్ని చేత్తో కొన్ని చుట్లు తిప్పి, అయిదు నిమిషాలాగి మళ్లీ చూడండి, ఇంకొంచెం పడుతుంది. కొన్ని గేర్‌బాక్సులకి ఈ పొంగే పద్ధతి పనికిరాదు, రివర్స్ లైట్ స్విచ్ రంధ్రం నుంచి కొలిచి పోయాలి. ఎక్కువ పోస్తే మేలని అనుకోకండి. గేర్లు ఆయిల్‌ని చిలికి నురుగు చేస్తాయి, వేడెక్కుతుంది, బ్రీదర్ నుంచీ సీళ్ల నుంచీ తన్నుకొస్తుంది.

ఇదంతా మాన్యువల్ గేర్‌బాక్స్‌కే. ఆటోమేటిక్, సీవీటీ (గేర్లకి బదులు బెల్టూ పుల్లీలతో నడిచేది), డ్యూయల్ క్లచ్ పెట్టెలకి వేరే ద్రవాలు, వేరే పద్ధతి. సీవీటీలో మామూలు ఏటీఎఫ్ పోస్తే ఉక్కు బెల్టు జారి పుల్లీల మీద గీతలు పడతాయి. చాలా ఆటోమేటిక్‌లలో మట్టాన్ని ఇంజిన్ నడుస్తుండగా, ద్రవం నిర్ణీత ఉష్ణోగ్రతలో ఉన్నప్పుడు, స్కానర్‌తో చదువుతూ చూడాలి. జీవితకాలం మార్చనక్కర్లేదన్న మాట కూడా నమ్మకండి. ఎన్నో కార్లకి ఆటోమేటిక్ గేర్‌బాక్సులు చేసే జెడ్ఎఫ్ కంపెనీయే వాడకాన్ని బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకి, లేదా ఎనిమిదేళ్లకి మార్చమంటుంది. మాన్యువల్ గేర్‌బాక్స్‌కి నా లెక్క 60,000 నుంచి 80,000, కారు మాన్యువల్ అంతకన్నా ముందే చెబితే దాని ప్రకారం.

మార్చాక మొదటి రోజే తేడా తెలియకపోతే కంగారుపడకండి, పాతది కొంత లోపలే మిగిలి ఉంటుంది. ఓ 100 కిలోమీటర్లు తిరిగాక రెండు ప్లగ్‌ల చుట్టూ పొడిగుడ్డతో తుడిచి తడి ఉందేమో చూడండి. పొద్దున రెండో గేరు మరీ తొందరగా కాకుండా, ఒక్క క్షణం ఆగి నెట్టండి, రింగ్‌కి పని చేసుకునే టైము దొరుకుతుంది. పాత ఆయిల్ సీసాల్లోనే మూతపెట్టి, వాడిన ఆయిల్ తీసుకునే వర్క్‌షాపులో ఇవ్వండి. మురుగులో పోయకండి.