నీ పాటను మనుషులు వాయించే చోటికి వెళ్లు

చి. అమ్ములుకి,
పెద్దమ్మ ఆశీస్సులు.

తెలుగు కూడబలుక్కుని చదువుతున్నావని మీ అమ్మ చెప్పింది. వచ్చినంత వరకు నువ్వే చదువుకో, అడ్డం పడిన చోట అమ్మని అడుగు. ఇలాంటి మాటలు నాకు తెలుగులో అయితేనే సరిగ్గా వస్తాయి.

నువ్వు పంపిన స్ట్రింగ్ క్వార్టెట్, అదే నాలుగు తీగ వాయిద్యాలకి రాసింది, మూడుసార్లు విన్నాను. రెండో భాగంలో తోడి రాగం మొదలయ్యే చోట స్టవ్ కట్టేసి నిలబడిపోయాను. విజయనగరంలో మీ తాతగారు ఎంతమంది పిల్లలకి ఫిడేలు నేర్పారో! ఈ రోజు ఆయన ఉండి, పదహారేళ్ల మనవరాలు రాసిందని తెలిస్తే వీధిలో అందరినీ పిలిచి వినిపించేవారు.

మీ అమ్మ ఫోన్లో ఒకటే అడుగుతోంది. "అక్కా, ఈ సమ్మర్ కంపోజిషన్ ప్రోగ్రాముల్లో ఏది బెస్టు? ఏది చేస్తే కాలేజీ అప్లికేషన్‌కి పనికొస్తుంది?" ఆ ప్రశ్నని కొంచెం మార్చుకోమన్నాను. ఇరవై రెండు వేసవులు నేను ఫిడేలు కంటే కాస్త పెద్దదైన వయోలా పట్టుకుని విద్యార్థులు రాసిన సంగీతం వాయించాను. ఆ కుర్చీలోంచి చూసి చెప్తున్నాను: నీ సంగీతాన్ని ఎవరు వాయిస్తారు? ఎన్నిసార్లు రిహార్సల్ చేస్తారు? ఆ సేపూ నిన్ను ఆ గదిలో ఉండనిస్తారా? ఈ మూడూ అడిగి ఎంచుకో. పేరూ ప్రతిష్ఠా తర్వాత చూసుకోవచ్చు.

ఎందుకంటావా, నీ మొదటి భాగంలో 47వ బార్ (నిలువు గీతల మధ్య గడి) చూడు. వయోలాకి ఒకేసారి రెండు స్వరాలు ఇచ్చావు, డి, ఎఫ్. రెండూ జి తీగ శ్రుతి కంటే కిందివే. అంటే రెండూ అన్నిటికంటే కింది సి తీగ మీదే పలకాలి. ఒకే తీగ మీద ఒకేసారి రెండు స్వరాలు ఎవరి వల్లా కాదు. కంప్యూటర్ మాత్రం హాయిగా వాయించేసింది. దానికి వేళ్లు లేవు, ఊపిరి అక్కర్లేదు, పేజీ తిప్పే పని లేదు. 60వ బార్‌లో పిజ్జికాటో, అంటే వేలితో మీటడం, అయిన మరుక్షణం కమాను వేయమన్నావు. చెయ్యి కమాను మీదికి రావడానికి ఒక్క చిన్న విరామం ఇవ్వు, బతికిపోతారు. ఇవన్నీ పుస్తకం చదివి నేర్చుకోవచ్చు గానీ, ఎదురుగా నలుగురు తడబడుతుంటే చూశావనుకో, జన్మలో మర్చిపోవు. సమ్మర్ ప్రోగ్రాం ఇచ్చేది ప్రధానంగా అదే.

ఇక చోట్లు. న్యూ హాంప్‌షైర్‌లో డబ్లిన్ అనే ఊళ్లో వాల్డెన్ స్కూల్ ఉంది, 1972లో మొదలైంది. తొమ్మిదేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లల దాకా తీసుకుంటారు. అక్కడ పిల్లలు రాసినవి ప్రొఫెషనల్ కళాకారులు వాయిస్తారు, తర్వాత రాసినవాళ్లని అందరి ముందూ కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. మసాచుసెట్స్‌లోని లెనక్స్‌లో బోస్టన్ యూనివర్సిటీ టాంగిల్‌వుడ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, 1966 నుంచి హైస్కూల్ పిల్లల కోసం నడుస్తోంది. పక్కనే టాంగిల్‌వుడ్, 1937 నుంచి బోస్టన్ సింఫనీ వేసవి మకాం అక్కడే. పగలు నువ్వు రాసుకుని, సాయంత్రం వెళ్లి ఆ ఆర్కెస్ట్రా వినొచ్చు. అలా విన్న నెలలో ఒక పిల్ల చెవి ఎంత మారుతుందో నేను కళ్లారా చూశాను. మిషిగన్‌లో ఇంటర్‌లాకెన్ అన్నిటికంటే పాతది, 1928 నాటిది. రెండు సరస్సుల మధ్య అడవిలో ఉంటుంది, సంగీతంతో పాటు నాటకం, నాట్యం, చిత్రలేఖనం నేర్చుకునే పిల్లలు కూడా వస్తారు. అక్కడ నీ వయసు వాయిద్యకారులు వందల్లో దొరుకుతారు.

నన్నడిగితే, నీకు ముందు వాల్డెన్ లాంటి చిన్న చోటు నయం. నీకు మాట్లాడాలంటే బెరుకు. ఎక్కువమంది ఉన్న చోట నువ్వు వెనక వరసలో కూర్చుంటావు, నిన్ను ఎవరూ ముందుకి లాగరు. రెండో ఏడాది పెద్ద చోటికి వెళ్లొచ్చు. ఇది నా అభిప్రాయం, మీ నాన్న ఒప్పుకోకపోవచ్చు.

ఒక సంగతి చెప్తాను. 1921లో పారిస్ దగ్గర ఫాంటెన్‌బ్లోలో అమెరికా విద్యార్థుల కోసం వేసవి బడి తెరిచారు. తర్వాత పేరున్న కంపోజర్ అయిన ఆరన్ కోప్లాండ్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు న్యూయార్క్ నుంచి వెళ్లి కంపోజిషన్ క్లాసులో చేరాడు. అది అతనికి అంతగా రుచించలేదు. స్నేహితురాలు ఒకామె బలవంతం చేస్తే, అవసరం లేదనుకుంటూనే నాడియా బూలాంజే చెప్పే హార్మనీ క్లాసుకి వెళ్లి కూర్చున్నాడు. అంతే, ఆవిడ దగ్గర చదవడానికి పారిస్‌లోనే మూడేళ్లు ఉండిపోయాడు. 1940లో టాంగిల్‌వుడ్‌లో వేసవి బడి మొదలైతే అక్కడ పాఠం చెప్పినవాళ్లలో ఆయన ఒకడు. అందుకని నీకిచ్చిన క్లాసులతో సరిపెట్టుకోకు. తలుపు తెరిచి ఉన్న ప్రతి గదిలోకీ వెళ్లు. కోరస్‌లో పాడమంటే పాడు. పెర్కషన్ వాళ్లు ప్రాక్టీసు చేస్తుంటే అనుమతి అడిగి పక్కన నిలబడి చూడు.

అప్లికేషన్ల మాట. చాలావాటి గడువు డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో పడుతుంది, అంటే సంక్రాంతికి కాస్త అటూ ఇటూ. ఇప్పుడు సెప్టెంబరు, తొందరపడాల్సిన సమయమే. మామూలుగా రెండో మూడో రచనలు, వాటి స్కోర్లు (అన్ని వాయిద్యాలూ కలిపి రాసిన కాగితాలు), రికార్డింగులు, టీచర్ల సిఫార్సు లేఖలు అడుగుతారు. ఒకేలా ఉండే రెండు పంపకు. క్వార్టెట్ ఎలాగూ ఉంది, దాని పక్కన గొంతుకో క్లారినెట్‌కో రాసిన నాలుగు నిమిషాలది ఏదైనా పెట్టు. కంప్యూటర్ రికార్డింగ్ కంటే మీ స్కూల్ ఆర్కెస్ట్రా పిల్లలు తప్పులతో వాయించింది నయం. వినేవాళ్లకి ఆ తప్పులు అడ్డం కావు. సిఫార్సు లేఖ రాసే టీచరుకి కనీసం నెల రోజులు టైమివ్వు.

డబ్బు గురించి దాపరికం వద్దు. వీటికి వేల డాలర్లవుతాయి, ఆరు వారాలకి 10,000 దాటేవీ ఉన్నాయి. మీ ఇంట్లో తమ్ముడి చదువు కూడా ఉంది. స్కాలర్‌షిప్ ఫారం అడ్మిషన్ ఫారంతో పాటే నింపండి. సీటు వచ్చాక చూద్దాంలే అనుకుంటే చాలాచోట్ల అప్పటికే నిధులు పంచేసి ఉంటారు. అడగడానికి మీ అమ్మ మొహమాటపడుతుంది. పడొద్దని నేను చెప్పానని చెప్పు. సహాయం తీసుకుని వచ్చిన పిల్లలు ఎంతోమంది నా ఎదురుగా కూర్చుని వినిపించారు, ఎవరి కాగితం మీదా ఎవరు ఫీజు కట్టారో రాసి ఉండదు.

నువ్వు అడిగిన అసలు ప్రశ్నకి వస్తున్నాను. "పెద్దమ్మా, గమకం ఎలా రాయాలి?" అన్నావు.

తోడి స్వరాలు పాశ్చాత్యుల ఫ్రిజియన్ అనే స్వరవరసలో ఉన్నవే. అందుకే నువ్వు గాంధారం ఒక్క చుక్కగా రాస్తే వాళ్లు దాన్ని నిటారుగా, శుభ్రంగా నిలబెట్టి వాయిస్తారు. వాళ్ల తప్పు లేదు, రాసింది వాయించారు. కానీ మన తోడిలో గాంధారం నిలబడదు కదా, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతూనే ఉండాలి. ఊపు పోతే రాగమే పోతుంది. ఒకసారి ఒకబ్బాయి ప్రతి ఊపునీ ముప్పైరెండో వంతు స్వరాల్లో రాసుకొచ్చాడు. పేజీ అంతా చీమల బారు. మేం నలుగురం లెక్కపెట్టుకోవడంలో మునిగిపోయాం, ఒకరినొకరు వినలేదు. ఆ అబ్బాయి మొహం నాకింకా గుర్తు.

నేనైతే ఇలా చేస్తాను. గమకం తప్పనిసరి అయిన చోట్లు ఐదో ఆరో ఎంచుకో. అక్కడ మాత్రం స్వరం మీద అలలాంటి గీత గీసి, ఎక్కడి నుంచి ఎక్కడికి ఊగాలో చిన్న స్వరాలతో చూపించు. అవి సెల్లోకో వయోలాకో ఇవ్వు, ఆ లావు తీగల మీద జారు నిండుగా వినిపిస్తుంది. వారం ముందే నీ గొంతుతో పాడి రికార్డు చేసి వాళ్లకి పంపు. రిహార్సల్‌లో సిగ్గుపడకుండా మళ్లీ పాడు. పాడి చూపించిన కంపోజర్‌ని ఏ వాయిద్యకారుడూ చిన్నచూపు చూడడు. అప్పుడు కూడా మీ పాటల టీచర్ పాడినట్టు రాదు, రావాలని కోరుకోకు. వాళ్ల చేతుల్లో అది మూడో రూపం దాలుస్తుంది, దాన్ని కూడా విను. ఫిడేలు మన కచేరీలోకి వచ్చింది కూడా అలాగే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దాన్ని పాశ్చాత్యుల దగ్గర నేర్చుకుని మన సంగీతానికి వంచాడు. మన విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో అది పూర్తిగా మనదైపోయింది.

మూడో భాగంలో మిశ్రచాపు వాడావు, 7/8 అని పెట్టి వదిలేశావు. నీకు తకిట తకధిమి ఒంట్లో ఉంది, వాళ్లకి లేదు. 2+2+3 అనుకుని వాయించేవాళ్లు ఉంటారు. మొదటి బార్ పైన 3+2+2 అని రాయి, స్వరాలని కలిపే అడ్డగీతలు కూడా ఆ గుంపుల ప్రకారమే కట్టు.

ఇంకొకటి. ఇండియన్ అమ్మాయివి గనక ఎప్పుడూ రాగమే రాయాలని ఎవరైనా నిన్ను నెమ్మదిగా నెడతారు, మంచి ఉద్దేశంతోనే. నీకు ఇష్టమైతే రాయి. ఇష్టం లేని రోజున రైలు చప్పుడు మీద రాయి, నిశ్శబ్దం మీద రాయి.

రిహార్సల్ రోజు మాట చెప్పి ఆపేస్తాను, ఎందుకంటే ఎక్కువమంది చేజార్చుకునేది ఆ అరగంటే. ఒకసారి ఒక పిల్లాడు తన ఐదు నిమిషాల రచన వెనక ఉన్న ఆలోచన గురించి పది నిమిషాలు చెప్పాడు. మిగిలిన ఇరవై నిమిషాల్లో, ఆరు పార్ట్‌లలో (ఒక్కో వాయిద్యానికి విడిగా ఇచ్చే కాగితాల్లో) బార్ నంబర్లు లేవని తేలింది. "ఎక్కడి నుంచి?" "ఆ పైకి వెళ్లే చోటు నుంచి." అలా ఒక్కసారి కూడా చివరిదాకా వెళ్లకుండానే టైమైపోయింది. తర్వాత వచ్చిన అమ్మాయి పేరు చెప్పి, "సి అని గుర్తు పెట్టిన చోట నెమ్మదిగా ఉండాలి, మిగతాది రాసి ఉంది" అని కూర్చుంది. రెండుసార్లు పూర్తిగా వాయించాం, ఆఖర్న మేమే ఆమెని ప్రశ్నలు అడిగాం.

కాబట్టి ప్రతి వరస మొదట్లో బార్ నంబరు, అవసరమైన చోట ఎ, బి, సి అని రిహార్సల్ అక్షరాలు, చెయ్యి ఖాళీగా ఉన్న చోటే పేజీ తిరిగేలా పార్ట్‌లు చేయి. కంప్యూటర్ పుట్టించిన పార్ట్‌ని అలాగే ఇవ్వకు, ఒక్కొక్కటి ప్రింట్ తీసి, ఆ వాయిద్యం నువ్వే పట్టుకున్నట్టు ఊహించుకుని పాడుకుంటూ చదువు. సంగీతం రాయడానికి నువ్వు మ్యూజ్‌స్కోర్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నావు, అది ఉచితం, సరిపోతుంది. చాలామంది నమ్ముకున్న ఫినాలే అనే అలాంటి సాఫ్ట్‌వేర్‌ని 2024లోనే ఆపేశారు, అందుకని ఏది వాడినా పీడీఎఫ్‌లు వేరుగా దాచుకో. పెన్సిల్ తీసుకెళ్లు. వాయించినవాళ్లందరికీ పేరు పెట్టి థాంక్స్ చెప్పు.

ఎక్కడా సీటు రాకపోతే దిగులుపడకు, ఎంచుకునేవాళ్లకి ఆ ఏడాది వేరే లెక్కలు ఉండొచ్చు. జూన్‌లో మీ ఆర్కెస్ట్రాలోంచి ముగ్గుర్ని పిలువు, నాలుగోది నేను. మీ ఇంటి బేస్‌మెంట్‌లో వారానికి రెండు సాయంత్రాలు పెట్టుకుందాం. పులిహోర, పెరుగన్నం నేను చేసుకొస్తా.

ముందు ఒక పని చెయ్యి. వయోలా పార్ట్ ఒక్కటి సరిదిద్ది, పెద్ద కాగితం మీద ప్రింట్ తీసి నాకు పోస్టులో పంపు. ఆదివారం పొద్దున్నే కూర్చుని వాయిస్తాను. కష్టమైన చోటల్లా పెన్సిల్‌తో గుర్తు పెట్టి, వాయించింది రికార్డు చేసి, కాగితం నీకు తిరిగి పంపేస్తా. 47వ బార్ మాత్రం మార్చి పంపు తల్లీ.

ప్రేమతో,
పెద్దమ్మ