బండి మీద ఆలుమగల దూరప్రయాణం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: సంక్రాంతి అయ్యాక నేనూ మా ఆవిడా 150 సీసీ బండి మీద కన్యాకుమారి వెళ్లి రావాలనుకుంటున్నాం. ఒక్కణ్ణే నడిపితే బండి బాగానే పోతుంది. ఇద్దరం కూర్చుని వెనక బ్యాగు కడితే హ్యాండిల్ తేలిపోయినట్టు ఉంటుంది. సర్వీసింగ్ చేయిస్తే చాలా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: చాలదండీ. లోపం ఇంజన్‌లో లేదు, బరువు పడే చోట ఉంది. వెనక కూర్చున్నవారి బరువు దాదాపు అంతా వెనక చక్రమే మోస్తుంది. ఆ వెనక క్యారియర్ మీద బ్యాగు కూడా కడితే ముందు చక్రం ఇంకా తేలికవుతుంది. బండితో ఇచ్చిన పుస్తకంలో ఎంత బరువు మోస్తుందో రాసి ఉంటుంది, ముందు అది చూడండి. చాలా 150 సీసీ బళ్లకు 130 కిలోల దగ్గర ఉంటుంది. మీరు 70, ఆవిడ 55 అనుకుంటే సామానుకు మిగిలేది అయిదు కిలోలే! కాబట్టి తలా రెండు జతలు పెట్టుకుని రాత్రి లాడ్జిలో ఉతుక్కోండి. పానాలు, నీళ్ల సీసా లాంటి బరువైనవి ట్యాంకు మీది బ్యాగులో, బట్టలు సీటుకు రెండు పక్కలా సమానంగా సర్దండి. సైలెన్సర్‌కు బ్యాగు తగలకూడదు.

గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు పట్టించండి. 150 సీసీ బళ్లకు సాధారణంగా ముందు 25, వెనక ఒక్కరికైతే 28, ఇద్దరికైతే 32 పౌండ్లు. మీ బండి లెక్క చైను కవరు మీది స్టిక్కర్‌పై ఉంటుంది, అదే ఖాయం. మధ్యాహ్నం ఎండకు గాలి ఎక్కువ చూపించిందని తీసేయొద్దు, తెల్లారేసరికి తక్కువవుతుంది. వెనక షాకబ్జర్లను రెండు వైపులా సమానంగా ఒకటి రెండు మెట్లు బిగించండి. ఇద్దరు కూర్చుంటే హెడ్‌లైటు పైకి లేస్తుంది, దాన్నీ కాస్త కిందికి దించాలి.

ఎక్కువమంది పాడుచేసుకునేది చైను. రెండు పళ్లచక్రాలకూ నడిమధ్యన వేలితో పైకీ కిందికీ ఆడిస్తే 25 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి. చైను అన్నిచోట్లా ఒకేలా సాగదు కనుక చక్రం తిప్పుతూ నాలుగుచోట్ల చూసి, అన్నిటికన్నా బిగువుగా ఉన్నచోట ఈ కొలత పెట్టండి. ఖాళీ బండి మీద చైను గట్టిగా లాగి బిగిస్తే, ఇద్దరూ ఎక్కి గుంతలో పడ్డప్పుడు అది ఇంకా బిగుసుకుని బేరింగులను తినేస్తుంది. వెనక చక్రం యాక్సిల్ (ఇరుసు) నట్టు వదులు చేసి, చైను అడ్జస్టర్లు రెండు వైపులా ఒకే గీతకు తెచ్చి, నట్టు బిగించాక మళ్లీ కొలవండి. బిగించేటప్పుడు కొలత మారుతుంది. వెనక డ్రమ్ బ్రేకు అయితే ఇంకొకటి: చక్రం వెనక్కి జరగడంతో బ్రేకు రాడ్డు కూడా బిగుసుకుంటుంది. చక్రం చేత్తో తిప్పి, రాపిడి లేకుండా తిరుగుతోందో లేదో చూడండి. పళ్లు కొక్కేల్లా వంగి ఉంటే చైనూ రెండు పళ్లచక్రాలూ కలిపే మార్చాలి. దారిలో 500 కిలోమీటర్లకోసారి చైనుకు 90 నంబరు గేర్ ఆయిల్ పెట్టండి.

దారంతా 44వ నంబరు జాతీయ రహదారే, పోను సుమారు 900 కిలోమీటర్లు. కృష్ణగిరిలో ఒక రాత్రి, దిండిగల్‌లో ఒక రాత్రి ఆగితే రోజుకు 300 కిలోమీటర్ల దగ్గర పడుతుంది. వేగం 60–70 చాలు. ఆదివారం బయల్దేరితే బెంగళూరు దాటడం సులువు. ధర్మపురి దాటాక తొప్పూరు ఘాట్‌లో మాత్రం జాగ్రత్త. సేలం వైపు పొడుగునా దిగుడు, బరువు లారీలకు బ్రేకులు పట్టని చోటు. లారీ ముందు ఉండొద్దు. మూడో గేరులో దిగండి, ఇద్దరి బరువుతో బ్రేకు తొక్కిపట్టుకుని దిగితే డ్రమ్ము వేడెక్కి పట్టు పోతుంది. కన్యాకుమారికి ముందు గాలిమరలు కనిపించే చోట పక్కగాలి బండిని తోస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మరీ ఎక్కువ.

ప్రశ్న: మా ఆయనతో గండికోట వెళ్లి వచ్చేసరికే నాకు నడుము పట్టేసింది, కాళ్లు తిమ్మిరెక్కాయి. ఇప్పుడు లేపాక్షి, అటునుంచి మైసూరు అంటున్నారు. నేను వెళ్లగలనా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: వెళ్లగలరమ్మా. కానీ బండి ఎప్పుడు ఆగాలో మీరు చెప్పాలి, ఆయన కాదు. ముందు కూర్చున్నవారికి చేతుల్లో హ్యాండిల్ ఉంటుంది, గుంత కనిపిస్తుంది. మీకు ఆ రెండూ లేవు, ప్రతి కుదుపూ నేరుగా వెన్నుకే తగులుతుంది. గంటకోసారి పది నిమిషాలు ఆగి నడవండి. భుజం మీద రెండుసార్లు తడితే ఆపాలని ముందే మాట్లాడుకోండి. ఒక పక్కకు కూర్చోవద్దు. నడుము మెలితిరిగి నొప్పి పుడుతుంది, బండి బరువూ ఎడమకు లాగుతుంది. రెండు పక్కలా కాళ్లు వేసి, గుంత వచ్చినప్పుడు ఫుట్‌రెస్టుల మీద బరువు మోపి కొంచెం లేవండి. బ్యాగు భుజాలకు తగిలించుకోవద్దు. చున్నీ అయితే చుట్టి ముడి వేసి జాకెట్టు లోపల పెట్టండి, చక్రంలో పడితే మెడకే ప్రమాదం. హెల్మెట్ మీకూ ఐఎస్ఐ గుర్తుదే ఉండాలి, వెనకవారికీ చట్టం తప్పనిసరి చేసింది. మీ హెల్మెట్ మాటిమాటికీ ఆయన హెల్మెట్‌కు కొట్టుకుంటోందంటే ఆయన బ్రేకు మరీ గట్టిగా వేస్తున్నారని అర్థం. మొహమాటపడకుండా చెప్పండి. తిమ్మిరి దిగాక కూడా నొప్పి కాలిలోకి పాకుతూ ఉంటే మాత్రం డాక్టరుకు చూపించుకున్నాకే ప్రయాణం.

ప్రశ్న: ఆత్మకూరు, దోర్నాల మీదుగా ఇద్దరం శ్రీశైలం వెళ్తున్నాం. అడవిలో పంక్చరైతే ఎలా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: రాత్రిపూట అడవి గేట్లు మూసేస్తారు కనుక పగలే దాటేలా బయల్దేరండి. ట్యూబ్‌లెస్ అయితే పంక్చర్ కిట్టు, కాలితో కొట్టే పంపు చాలు. మేకు లాగి, రంధ్రంలో ఆకురాయి సూదిని నాలుగైదుసార్లు ఆడించి, జిగురు పట్టీని కిట్టులో కన్నమున్న రెండో సూదికి ఎక్కించి లోపలికి గుచ్చండి. బయట సెంటీమీటరు మిగిలేలా ఉంచి సూదిని ఒక్క ఊపున లాగి, గాలి పట్టి, సబ్బునీళ్లు పోసి బుడగలు చూడండి. టైరు పక్క గోడకు పడ్డ రంధ్రానికి ఈ పట్టీ పనికిరాదు. ట్యూబు టైరు అయితే వెనక చక్రం సైజు కొత్త ట్యూబొకటి, యాక్సిల్ నట్టుకు సరిపోయే పానా వెంట ఉండాలి. గాలి దిగిన బండి మీద ఇద్దరూ వంద గజాలు పోయినా ట్యూబు వాల్వు దగ్గర చిరిగిపోతుంది. ఆ ట్యూబుకు ఇక అతుకు పడదు. కాబట్టి గాలి తగ్గిందనిపించగానే ఇద్దరూ దిగిపోండి.