‘ది వర్జీనియన్’ అనే కౌబాయ్ నవలని ప్రేమకథగా చదవొచ్చా? లేక అంతా తుపాకుల గోలేనా?

నిక్షేపంగా చదవొచ్చు. కౌబాయ్ అనగానే మనవాళ్ళకి కృష్ణ గారి టోపీ, గుర్రం గుర్తొస్తాయి. ఆ ఊపులో ఇది మొదలుపెడితే నీరసం వస్తుంది. ఇంత లావు పుస్తకంలో హీరోకీ విలన్ ట్రాంపస్‌కీ మధ్య కాల్పులు చివర్లో చిటికెలో అయిపోతాయి.

మేం కొలరాడోలో ఉండగా మా ఊరి లైబ్రరీలో పుస్తకాల చర్చ జరిగేది. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది రిటైరైన టీచరమ్మలే. ఓసారి ఈ నవల పెట్టుకున్నారు. మోలీ వుడ్ వయోమింగ్‌లో పిల్లలకి చదువు చెప్పడానికి వెర్మాంట్ నుంచి వచ్చిన అమ్మాయి, హీరో ప్రేమించేది ఈమెనే. రేపు పెళ్ళనగా ట్రాంపస్ మన హీరోని పొద్దుగూకేలోగా ఊరొదిలి పొమ్మంటాడు. ‘నువ్వు వాడి మీదకి వెళ్తే రేపు పెళ్ళి లేదు’ అంటుంది మోలీ. అతను వెళ్తాడు, వాణ్ణి చంపి వస్తాడు. ఈవిడ దేవుడికి దండం పెట్టుకుని అతన్ని వాటేసుకుంటుంది. తెల్లారి పెళ్ళి!

ఇక్కడ గది రెండుగా చీలింది. పశువుల రాంచ్‌లో పుట్టి పెరిగిన ఓ పెద్దావిడ, ‘మొగుడు పిరికివాడని పేరు పడితే ఆ రోజుల్లో అక్కడ కాపురం చేయగలరా?’ అని గట్టిగా అడిగింది. పక్కనున్నావిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, ‘మాట మీద నిలబడని ఆడదాన్ని హీరోయిన్ అనకండి’ అంది. ఆ తర్వాత కాఫీ దగ్గర కూడా ఇద్దరూ మాట్లాడుకోలేదు.

నాకు ఇద్దరి మాటా నచ్చలేదు. మోలీ ఓడింది అక్కడ కాదు, అంతకు ముందే. పశువుల దొంగతనం చేశాడని హీరో తన స్నేహితుడు స్టీవ్‌నే ఉరి తీయిస్తాడు. అది తెలిసి మోలీ విలవిల్లాడితే హీరో యజమాని జడ్జి హెన్రీ వచ్చి, చట్టం పనిచేయని చోట ఇలాగే చేయాలని పాఠం చెప్తాడు. అదే వయోమింగ్‌లో నిజంగానే 1889లో ఎల్లా వాట్సన్ అనే ఆవిణ్ణీ జిమ్ అవెరెల్‌నీ దొంగలని ముద్రవేసి పశువుల ఆసాములు చెట్టుకి ఉరితీశారు. ఒక్కడికీ శిక్ష పడలేదు. నవల వచ్చింది 1902లో. రచయిత ఓవెన్ విస్టర్‌కి అక్కడి పశువుల ఆసాములతోనే స్నేహం, ఇక జడ్జిగారి నోట వేరే మాట ఎలా వస్తుంది?

ఇంకో చిరాకు. కథ చెప్పే పెద్దమనిషి తను లేని గదుల్లో జరిగిన మాటలు కూడా పూసగుచ్చినట్టు చెప్పేస్తాడు. ఎలా విన్నాడో అడక్కూడదు.

ప్రేమ అంటారా, అదంతా మోలీ ఇచ్చే పుస్తకాల్లో ఉంది. పెద్దగా చదువుకోని మనిషి వాటిని తన లెక్కలో చదువుకుని, ఎలిజబెత్ రాణి పోకర్‌కి కూర్చుంటే మహా గట్టిగా ఆడేదని తేల్చేస్తాడు. ఆ పేజీల ముందు తుపాకీ ఎంత! డాన్సు జరుగుతుంటే హీరో నిద్రపోతున్న పసిపిల్లల బట్టలు మార్చేసి, తల్లిదండ్రులు ఎవరి బిడ్డనో ఎత్తుకుపోయేలా చేసే అల్లరి కూడా బాగుంటుంది.

కాపీరైట్ ఎప్పుడో తీరింది, ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మధ్యలో ఎమిలీ అనే కోడి మీద ఓ అధ్యాయం వస్తుంది, కథకి సంబంధం లేదని దాటేయకండి.