బ్లేడ్ రన్నర్ 2049లో అందం కథను మింగేసిందా?

మీ మిత్రుల్లో కొందరు ‘బ్లేడ్ రన్నర్ 2049’ను కళాఖండం అంటున్నారనీ, మిగిలినవారు అది కదిలే వాల్‌పేపర్ల వరుస తప్ప సినిమా కాదంటున్నారనీ, ల్యాప్‌టాప్‌లో చూసిన మీకు బొమ్మలు నచ్చినా సగం నుంచి కునుకు వచ్చిందనీ రాశారు. ఎవరి మాట సరైనదని అడిగారు. మొదటి భాగం చూడకపోవడం వల్లే ఇలా జరిగిందా అని కూడా అడిగారు.

ఈ వాదనలో నేను మొదటి నుంచీ మెచ్చుకునే పక్షమే. అయితే ఆ పక్షంవారు తరచూ చెప్పే ‘ప్రతి ఫ్రేమునూ గోడకు తగిలించుకోవచ్చు’ అన్న మాట మాత్రం నాకు రుచించదు. ఆ మెప్పు ఎదుటి పక్షానికే బలం చేకూరుస్తుంది. గోడకు తగిలించుకునే బొమ్మ కోసం 163 నిమిషాలు కూర్చోవలసిన అవసరమేమిటని వారు అడిగితే దానికి జవాబు లేదు. నా అభిప్రాయం వేరు. ఈ సినిమాలో ఎవరికి ఎలాంటి వెలుతురు దక్కుతోందన్నది కథలో ప్రధాన భాగం. మాటల్లో చెప్పని విషయాలను దర్శకుడు డెనీ విల్‌న్యూవ్, ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్ వెలుతురుతో చెప్పారు. దాన్ని అలంకారంగా భావించి పక్కన పెడితే మిగిలే కథ పలుచగానే ఉంటుంది, కనుక విసుగు రావడంలో వింత లేదు. మీరు సినిమా చూశారు కాబట్టి ఇకపై కథలోని మలుపులను దాచకుండా రాస్తున్నాను. చూడనివారు చివరి మూడు పేరాలకు వెళ్లిపోవచ్చు.

పర్యావరణం కుప్పకూలిందనీ, కృత్రిమ సేద్యంతో కరవును తప్పించిన వాలెస్ అనే వ్యాపారి అపారమైన సంపదకు అధిపతి అయ్యాడనీ సినిమా మొదట్లో తెరపై వచ్చే అక్షరాలు చెబుతాయి. ఆ తరువాత లాస్ ఏంజెలెస్‌లో మనకు సూర్యుడు కనబడడు. పగలు బూడిదరంగులోనో, రాత్రి వానలోనో గడిచిపోతుంది. ఎండ లేని ఆ లోకంలో వెలుతురు కూడా కొనుక్కోవలసిన వస్తువే. పోలీసు ఉద్యోగి అయిన కథానాయకుడు కె ఇరుకైన గదిలోకి వచ్చేది నగరంలోని ప్రకటనల వెలుగే. అతడు డబ్బు చెల్లించి తెచ్చుకున్న జాయ్ అనే తోడు సైతం కాంతితో చేసిన ఉత్పత్తే.

ఇప్పుడు వాలెస్ గదులను గుర్తు తెచ్చుకోండి. అక్కడ కిటికీలు కనబడవు. అయినా గోడల మీద బంగారు రంగు ఎండ నెమ్మదిగా జరుగుతూ ఉంటుంది, దానితోపాటే మనుషుల నీడలు సాగి, కుంచించుకుని, మళ్లీ సాగుతాయి. రోజంతా పట్టే సూర్యగమనాన్ని ఒక్క సంభాషణ ముగిసేలోపు ఆ గదిలో తిప్పినట్టు ఉంటుంది. ఒక గదిలో నీటి మీద పడి లేచిన కాంతి గోడలపై అలలుగా ఆడుతుంది. ఇది కంప్యూటర్‌లో తరువాత పూసిన రంగు కాదు. డీకిన్స్ బృందం రెండు వందలకు పైగా దీపాలను వలయాలుగా వేలాడదీసి, వాటిని వరుసక్రమంలో వెలిగిస్తూ ఆర్పుతూ ఆ కదలికను సెట్ మీదే పుట్టించింది. ఈ వైభవానికి యజమాని అయిన వాలెస్ అంధుడు. ఎదుట ఉన్నవారిని చూడడానికి అతడి చుట్టూ తేలియాడే చిన్న పరికరాలు కావాలి. ఊరందరికీ లేని ఎండను చూపులేని మనిషి తన గదుల్లో ఊరేగిస్తున్నాడు. అతడి అధికారం ఎలాంటిదో చెప్పడానికి నాకు ఈ ఒక్క ఏర్పాటు చాలు. అందుకే ఆ పాత్రకు రాసిన సుదీర్ఘమైన, ప్రవచనంలాంటి సంభాషణలు అనవసరమనిపిస్తాయి. జారెడ్ లెటో నటన వాటికి మరింత బరువు తెచ్చింది. ఈ విషయంలో మీ రెండో వర్గం మిత్రులతో నాకు పేచీ లేదు.

జాయ్ విషయానికి వస్తే, ఆమెను ఇంటి బయటకు తీసుకువెళ్లగలిగే పరికరాన్ని కొన్న రాత్రి కె ఆమెను మేడమీదికి తీసుకువెళతాడు. వాన పడుతూ ఉంటుంది. మొదట చినుకులు ఆమె గుండా జారిపోతాయి. కాసేపటికి పరికరం సర్దుకుని, ఆమె చర్మం మీద తడి కనిపించేలా చేస్తుంది. ఇద్దరూ దగ్గరవుతున్న క్షణంలో కెకు పై అధికారి నుంచి సందేశం వస్తుంది, జాయ్ ఉన్నచోటే బొమ్మలా బిగుసుకుపోతుంది. వాన మాత్రం ఆగదు. ఆ షాట్ కాసేపే ఉంటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. అయినా వారి అనుబంధంలో ఎంత నిజముందన్న సందేహం అక్కడ మొదలై ప్రేక్షకుడిని చివరిదాకా వదలదు.

ఆ సందేహం వంతెన సన్నివేశంలో పూర్తిగా పండుతుంది. జాయ్ ఉన్న పరికరం అప్పటికే నాశనమైపోయింది. దెబ్బలు తిని నిలబడ్డ కె ముందుకు భవనమంత ఎత్తున్న జాయ్ ప్రకటన వచ్చి, గులాబీరంగు దేహంతో వంగి, అతడిని వేలితో చూపిస్తూ పలకరిస్తుంది. తన జాయ్ ఎంతో ప్రేమగా పెట్టిందని అతడు నమ్మిన ‘జో’ అనే పేరే ఆ ప్రకటన నోట కూడా వస్తుంది. కె బదులు పలకడు. ఆ గులాబీ వెలుగు అతడి ముఖం మీద పడుతుండగా, గాయాలతో నిలిచిన ర్యాన్ గాస్లింగ్ చూపులో మార్పును కెమెరా ఓపికగా గమనిస్తుంది. ప్రాణాలకు తెగించి, మొదటి చిత్రంలో కథానాయకుడైన డెకార్డ్‌ను కాపాడాలన్న అతడి నిర్ణయానికి వేరే వివరణ ఇవ్వరు. ఇక్కడ కథ లేదనేవారు ఆ వెలుగును ఒట్టి రంగుగానే చూశారని నా నమ్మకం.

రంగుల సంగతిలో అందరూ ఎత్తి చూపేది లాస్ వేగాస్ భాగం. 2009లో సిడ్నీ నగరాన్ని కమ్మిన ఎర్రటి దుమ్ము తుపాను ఛాయాచిత్రాలు దానికి ప్రేరణ. మొదటి చిత్రానికి భవిష్యత్ నగరాన్ని ఊహించి గీసిన సిడ్ మీడ్‌ను ఈ వేగాస్ రూపకల్పన కోసం మళ్లీ పిలిచారు. అక్కడ కె నడక ఎంతకీ తెగదని మీరు రాశారు. ఆ నడక నిడివికి ఒక ప్రయోజనం ఉంది. నారింజ రంగు తప్ప వేరే రంగు కనిపించని ఆ పొగమంచుకు మన కళ్లు కొంతసేపు అలవాటుపడితే తప్ప, అతడి చేతి మీద వాలిన తేనెటీగ మనకు అద్భుతంగా తోచదు. చెట్టూచేమా లేని లోకంలో తేనెటీగ కనబడిందంటే, దాన్ని పెంచే మనిషి దగ్గర్లోనే ఉన్నాడని అర్థం. కె ఒక్క మాటా అనకుండా ఆ తుట్టెలలోకి చేయి పెట్టి చూస్తాడు. కొంచెం తరువాత డెకార్డ్‌తో పోట్లాట జరిగే పాడుబడిన నాట్యశాలలో గాయకుల కాంతిరూపాలు ఒక క్షణం వెలిగి, మరుక్షణం ఆరి, పాట ముక్కలుముక్కలుగా వినిపిస్తుంది. అంతకుముందు భవనమంత ఎత్తున ప్రకటనలు చూపిన సినిమాయే, పాతబడి చెడిపోయిన కాంతి ఎలా ఉంటుందో కూడా చూపింది.

మొదటి భాగంతో పోలిక తేవలసింది కూడా ఈ వెలుతురు దగ్గరే. రిడ్లీ స్కాట్ 1982లో తీసిన ఆ చిత్రానికి జోర్డన్ క్రోనెన్‌వెత్ ఛాయాగ్రహణం చేశారు. పొగ నిండిన గదుల్లోకి బయటి నుంచి దూసుకువచ్చే కాంతికిరణాలు, కిటికీ పట్టీల నీడలు, కిక్కిరిసిన వీధులు ఆ చిత్రానికి గుర్తులు. కొనసాగింపులో విల్‌న్యూవ్ బృందం ఆ గుర్తులను నకలు చేయలేదు. పదునైన కిరణానికి బదులు పరచుకున్న మెత్తని వెలుగును, ఇరుకుకు బదులు శూన్యాన్ని ఎంచుకుంది. అభిమానులను సంతోషపెట్టడానికి పాత ఫ్రేములనే మళ్లీ కట్టే సీక్వెల్స్ చాలా వస్తాయి. ముప్పై అయిదేళ్ల తరువాత వచ్చిన ఈ చిత్రం ఆ సులువైన దారి పట్టకపోవడమే నాకు అన్నిటికన్నా నచ్చింది. ప్రశ్న కూడా మారింది. మొదటి చిత్రంలో డెకార్డ్ మనిషా, రెప్లికాంటా (అచ్చం మనిషిలా తయారుచేసిన కృత్రిమ జీవి) అన్నది చర్చ అయితే, ఇందులో కె తాను రెప్లికాంట్‌నని మొదటి నుంచీ ఎరిగినవాడు. తాను తయారైనవాడు కాదేమో, కడుపున పుట్టినవాడేమో అన్న ఆశ కలిగి, అది అబద్ధమని తేలాక ఏం చేస్తాడన్నది ఇక్కడి కథ.

దీని దృశ్యాలకు అంత బరువు ఎలా వచ్చిందని కొందరు ఆశ్చర్యపోతారు. చాలా భాగం హంగరీలోని బుడాపెస్ట్‌లో, నిజంగా కట్టిన సెట్లలో తీశారు. గ్రీన్ మ్యాట్ వాడకాన్ని వీలైనంత తగ్గించారు. దూరం నుంచి కనిపించే నగర భాగాలకూ, చెత్త దిబ్బలకూ న్యూజిలాండ్‌లోని వేటా వర్క్‌షాప్ పెద్ద పెద్ద మినియేచర్లు చేసింది. అంతకుముందు పదమూడుసార్లు ప్రతిపాదనతోనే ఆగిన డీకిన్స్‌కు మొదటి ఆస్కార్ ఈ చిత్రంతోనే, 2018లో దక్కింది. విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ కూడా దీనికే వచ్చింది. అవార్డులు వాదనను తేల్చవు, నిజమే. 15 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టిన చిత్రానికి ప్రపంచమంతటా కలిపి 26 కోట్ల పైచిలుకు మాత్రమే వసూలు కావడంతో, థియేటర్ల వాటా పోను నష్టమే మిగిలిందన్నదీ నిజమే. 1982 నాటి చిత్రానికీ విడుదలైనప్పుడు ఇదే గతి పట్టింది, అప్పుడూ నత్తనడక అనే విమర్శే వచ్చింది.

మెచ్చుకునే పక్షంవారు దాటవేసే సంగతి ఒకటి చెప్పాలి. స్త్రీ దేహాన్ని సరుకుగా మార్చిన లోకాన్ని విమర్శిస్తున్నామంటూనే ఈ సినిమా ఆ దేహాలను ఎంతో ముచ్చటపడి, నిదానంగా చూస్తుంది. వేగాస్‌లోని భారీ స్త్రీ విగ్రహాలు, అప్పుడే పుట్టిన రెప్లికాంట్ యువతిని వాలెస్ చంపే సన్నివేశం నన్ను ప్రతిసారీ ఇబ్బంది పెడతాయి. రెండోదానిలో అందమైన వెలుతురు ఆ క్రూరత్వానికి పాలిష్ పెట్టినట్టు ఉంటుంది. నేను పైన చెప్పిన సిద్ధాంతం అక్కడ చెల్లదు, ఎందుకంటే అక్కడి కాంతి కథకు ఏమీ కలపదు. రెప్లికాంట్ల తిరుగుబాటు అనే ఉపకథను తెచ్చి సగంలో వదిలేయడం కూడా లోపమే.

ఇక మీ కునుకు సంగతి. నేను ఈ చిత్రాన్ని మొదట పెద్ద తెర మీద చూశాను, తరువాత ఇంట్లో స్ట్రీమింగ్‌లో చూశాను. రెండూ ఒకే సినిమా అంటే నమ్మడం కష్టం. నెట్ వేగం తగ్గగానే వేగాస్ పొగమంచు మెత్తని వర్ణఛాయలను కోల్పోయి మెట్లుమెట్లుగా, చారలుగా విడిపోయింది. సముద్రపు గోడ దగ్గరి పోరాటం దాదాపుగా వాహనం దీపాల వెలుగులోనే సాగుతుంది కాబట్టి, లైటు వేసిన గదిలో నాకు తెర మీద నా ముఖమే ఎక్కువ కనబడింది. హాన్స్ జిమ్మర్, బెంజమిన్ వాల్‌ఫిష్‌ల సంగీతంలో సగం ప్రాణం అట్టడుగు స్వరాల్లో ఉంది, వాటిని ల్యాప్‌టాప్ స్పీకర్లు పలికించలేవు. ధ్వని పోయి, చీకటిలోని వివరం పోయి, మిగిలిన దాన్ని అంత నిదానంగా చూడమంటే ఎవరికైనా నిద్ర రాక మానదు.

వీలైతే మళ్లీ ఎక్కడైనా పెద్ద తెర మీద వేసినప్పుడు చూడండి. అది కుదరకపోతే గది చీకటి చేసి, టీవీలో చలనాన్ని నునుపు చేసే సెట్టింగ్‌ను తీసేసి, మంచి హెడ్‌ఫోన్లతో చూడండి. బ్లూరే దొరికితే మరీ మంచిది.

దానికి ముందు మొదటి భాగం తప్పక చూడాలి. డెకార్డ్, అతడు ప్రేమించిన రేచల్ ఎవరో తెలియకపోతే వాలెస్ ఆమె ప్రతిరూపాన్ని తెచ్చి డెకార్డ్ ఎదుట నిలబెట్టే సన్నివేశం మీకు ఒక గ్రాఫిక్స్ విన్యాసంగానే మిగిలిపోతుంది. ఆ మొదటి చిత్రానికి కూర్పులు చాలా ఉన్నాయి. 1982లో విడుదలైన దానిలో నేపథ్య వ్యాఖ్యానం ఉంటుంది, 1992లో వచ్చిన కూర్పు దాన్ని తీసేసింది. మీరు మాత్రం నేరుగా 2007 నాటి ‘ఫైనల్ కట్’ చూడండి, తేడాల చర్చ తరువాత పెట్టుకోవచ్చు. రెండు చిత్రాల నడుమ కాలాన్ని పూరిస్తూ విడుదలకు ముందు మూడు లఘుచిత్రాలు కూడా వచ్చాయి. అవి తప్పనిసరి కాదు. సమయముంటే వాటిలో షినిచిరో వతనబే తీసిన యానిమేషన్ ఒక్కటి చూడండి చాలు. 2049లో అందరూ అన్యాపదేశంగా ప్రస్తావించే కథలోని 2022 నాటి ‘బ్లాకౌట్’ (కరెంటు పోయి రికార్డులు చెరిగిపోయిన ఘటన) ఎలా జరిగిందో, పాత రికార్డులు ఎందుకు దొరకవో అందులో తెలుస్తుంది.