సీడీల షాపు అక్క జవాబులు

పోయిన నెల కొరియా సినిమాల గురించి నాలుగు మాటలు రాశానో లేదో, వాట్సాప్ నిండిపోయింది. ఎక్కువ మంది అడిగింది ఒకటే: ప్రపంచమంతా పొగిడిన సినిమా మాకెందుకు ఎక్కలేదు? ఈ నెల మొత్తం వాటికే. కొత్తవాళ్ళకి నా సంగతి: 2001 నుంచి 2013 దాకా ఒడిశాలోని బరంపురం గేట్ బజార్ సందులో సీడీలు అద్దెకిచ్చాను, రోజుకి పది రూపాయలు. సినిమా గురించి నాకు తెలిసిందంతా, సీడీ తిరిగిచ్చేటప్పుడు జనం మొహాలు చూసి నేర్చుకున్నదే.

ప్రశ్న: 'పారసైట్'కి నాలుగు ఆస్కార్లు వచ్చాయని మా నాన్నని బలవంతంగా కూర్చోబెట్టాను. గంట తిరక్కుండా గురక! రాజమౌళి గారు కూడా నిద్రపోయారట కదా. తప్పు సినిమాదా, మా నాన్నదా?
డిగ్రీ విద్యార్థి, పర్లాకిమిడి

జవాబు: అవును, సగంలో నిద్రపోయానని 2020లో ఒక ఇంటర్వ్యూలో ఆయనే చెప్పారు. దానికి ఆయన్ని చాలామంది ఆడిపోసుకున్నారు. నాకైతే ఆ మాట నచ్చింది. ఆస్కార్ వచ్చాక ఒక సినిమాని నచ్చలేదనడానికి కాస్త గుండె కావాలి. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే ట్రంప్ ఒక సభలో, దక్షిణ కొరియాతో మనకి వ్యాపారంలో తగాదాలుంటే వాళ్ళ సినిమాకి బహుమానమేమిటి, 'గాన్ విత్ ద విండ్' లాంటి పాత హాలీవుడ్ సినిమాలు మళ్ళీ రావా అని వాపోయాడు. బాగుందో లేదో నాకు తెలీదని కూడా తనే అన్నాడు. ఈ ఇద్దర్నీ ఒక గాటన కట్టకండి. ఒకాయన చూస్తూ నిద్రపోయారు. రెండో ఆయనకి చూడాల్సిన పనే పడలేదు.

ఇక మీ నాన్నగారు. మన ఒంట్లో ఇంటర్వెల్ గడియారం ఒకటుంటుంది. గంటా పది నిమిషాలకి ఏదో ఒకటి పేలాలి. ఈలోగా రెండు పాటలూ ఒక ఫైటూ అయిపోవాలి. 'పారసైట్' రెండు గంటల పన్నెండు నిమిషాల సినిమా. మొదటి గంటంతా ఒక పేద కుటుంబం అబద్ధాలాడి ఒక్కొక్కరే ధనవంతుల ఇంట్లో పనికి కుదరడమే. తరవాత ఒక వాన రాత్రి పాత పనిమనిషి వచ్చి బెల్లు కొడుతుంది. మనవాళ్ళయితే సరిగ్గా అక్కడ 'విశ్రాంతి' అని వేసేవాళ్ళు. మీ నాన్నగారు దానికి పది నిమిషాల ముందు కునుకు తీశారని నా అనుమానం. చేతికి టీ గ్లాసిచ్చి, ఆ బెల్లు దగ్గర్నుంచి చూపించండి.

నాకు ఆ సినిమా పట్టుకున్న చోటు వేరు. వాళ్ళు ఉండేది సగం నేల లోపలికి దిగిన ఇల్లు. సియోల్‌లో దాన్ని 'బంజిహా' అంటారు. ఉత్తర కొరియా భయంతో 1970లో కొత్త ఇళ్ళకి నేలమాళిగ ఉండాలన్నారు, యుద్ధమొస్తే దాక్కోవడానికి. తరవాత ఇళ్ళు చాలక జనం వాటిల్లోనే అద్దెకి దిగారు. సినిమాలో వరదొచ్చి ఆ ఇల్లు మునిగిపోతుంది. 2022 ఆగస్టు వానల్లో నిజంగానే అలాంటి ఇంట్లోకి నీళ్ళొచ్చి ఒకే కుటుంబంలో ముగ్గురు చనిపోయారు.

మా షాపు కూడా రోడ్డుకంటే మూడు మెట్లు కిందకుండేది. 2013 అక్టోబరు 12 రాత్రి పైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. రెండో రోజు వెళ్ళి షట్టర్ ఎత్తితే మోకాలి దాకా మురుగు, దాని మీద తేలుతున్న సీడీ కవర్లు. నేను బురద తోడుకుంటుంటే మేడ మీదావిడ బాల్కనీలోంచి, "ఏదైనా చెప్పమ్మా, తుపాను పుణ్యమా అని చల్లబడింది, రాత్రి ఫ్యాను లేకపోయినా నిద్ర పట్టింది" అంది. ఆవిడ మనసులో ఏ చెడ్డా లేదు. సినిమాలో వరద మర్నాడు ఆ ధనవంతుల ఇంటి యజమానురాలు కూడా, వాన పడింది కాబట్టి ఆకాశం తేటపడిందని ఫోనులో మురిసిపోతుంది. ఆ మాట దగ్గర మా ఇంట్లో నేనొక్కదాన్నే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా తమ్ముడు 'ది హోస్ట్' చూసి, చావు దగ్గర కామెడీ ఏంటి, వీళ్ళకి ఏ సీను ఎలా తీయాలో తెలీదంటాడు. అక్కడ చాలామంది ఇదే మాటంటారట.
గృహిణి, రాయగడ

జవాబు: అంటారు. కొరియా సినిమాల మీద బయటివాళ్ళ ఫిర్యాదుల్లో అన్నిటికన్నా పాతది ఇదే. నవ్విస్తుందో, ఏడిపిస్తుందో, భయపెడుతుందో ఒకటి తేల్చుకోమంటారు. మీ తమ్ముడు చెప్పే సీను నాకు గుర్తుంది. పిల్లని నదిలోని మృగం ఎత్తుకుపోయింది. సంతాపం దగ్గర తాతా తండ్రీ బాబాయీ మేనత్తా ఒకరి మీద ఒకరు పడి నేల మీద దొర్లుతారు. ఫొటోలవాళ్ళు ఫొటోలు తీస్తుంటారు.

మా పెద్దనాన్న పోయిన రోజు మా చిన్నత్త గుండెలు బాదుకుని ఏడుస్తోంది. పక్కింటివాళ్ళు టీ పట్టుకొచ్చారు. ఒక గుక్క తాగి, కళ్ళు తుడుచుకుని, "పంచదార వెయ్యలేదేటి?" అంది. అందరికీ నవ్వొచ్చింది. మళ్ళీ ఏడ్చాం. మీ తమ్ముడు కూడా ఇలాంటి చావు ఇల్లు చూసే ఉంటాడు. అమెరికా వెళ్ళాక మర్చిపోయి ఉంటాడు.

ఇంకో సంగతి కూడా అతనికి చెప్పండి. ఆ మృగం పుట్టడానికి సినిమాలో కారణం, అమెరికా సైనిక స్థావరంలో డ్రెయిన్లోకి పోసిన రసాయనం. అది కల్పన కాదు. 2000లో సియోల్‌లోని స్థావరం నుంచి ఫార్మాల్డిహైడ్ హాన్ నదిలో కలిసేలా పారబోశారు, పెద్ద గొడవైంది. జనాభా ఐదు కోట్లు లేని ఆ దేశంలో, 2006లో ఈ సినిమాకి కోటీ ముప్పై లక్షల టికెట్లు తెగాయి. వాళ్ళకది సొంత కోపం, మనకి చేపలాంటి ఓ రాక్షసి.

ప్రశ్న: 'ఓల్డ్‌బాయ్'లో ఆక్టోపస్‌ని బతికుండగా తినడం నిజమేనా? కొరియాలో అందరూ అలాగే తింటారా?
గుణుపురం

జవాబు: నిజమే. హీరో చోయ్ మిన్ సిక్ బౌద్ధుడు, ఒక్కోదానికీ దండం పెట్టుకుని తిన్నాడంటారు. కొరియాలో మామూలుగా ముక్కలు కోసి తింటారు, అవి పళ్ళెంలో ఇంకా కదులుతుంటాయి. పదిహేనేళ్ళ కిందట ఒక కుర్రాడు ఆ సీడీ నా బల్ల మీద విసిరికొట్టి, "ఏటక్కా, ఇలాటివి కూడా ఇస్తావా?" అన్నాడు. రెండు రోజుల తరవాత ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకొచ్చి అదే సీడీ అడిగాడు.

2004లో ఫ్రాన్స్‌లో జరిగే కాన్ సినిమా ఉత్సవంలో దానికి రెండో పెద్ద బహుమతి వచ్చింది, ఆ ఏడు జ్యూరీకి పెద్ద హాలీవుడ్ డైరెక్టర్ టరాంటినో. అదే సినిమాకి ఒక అమెరికా విమర్శకుడు, కిమ్చీ (కాబేజీ ఊరగాయ) తిని పెరిగిన జాతి నుంచి ఇంకేం ఆశిస్తాం అన్న ధోరణిలో రాశాడు. అతను మా బరంపురం వచ్చి అటకల మీద ఊరగాయ జాడీలు చూస్తే మన సినిమాల గురించి ఏం రాసేవాడో!

ప్రశ్న: సబ్‌టైటిల్స్‌తో చూడాలా, డబ్బింగా? సబ్‌టైటిల్స్‌తో చూస్తేనే అసలు సినిమా అని మా అబ్బాయి వాదన.
రిటైర్డ్ ఉద్యోగి, జయపురం

జవాబు: సబ్‌టైటిల్ అంగుళం ఎత్తు గోడ, దాన్ని దాటితే ఎన్నో సినిమాలు మీవవుతాయని 2020 జనవరిలో 'పారసైట్' డైరెక్టర్ బాంగ్ జూన్ హో అన్నాడు. మంచి మాట. కాకపోతే ఆ గోడలో కొంత జారిపోతుంది కూడా. 'పారసైట్'లో ధనవంతురాలు అడిగే 'జ్జాపగురి', రెండు రకాల చవక ప్యాకెట్ నూడుల్స్ కలిపి వండేది. దాంట్లో ఆవిడ ఖరీదైన గొడ్డుమాంసం వేయిస్తుంది. అదీ జోకు. ఇంగ్లీషు సబ్‌టైటిల్‌లో 'రామ్‌డాన్' అనే కొత్త మాట పుట్టించారు. సియోల్ నేషనల్ యూనివర్సిటీని ఆక్స్‌ఫర్డ్ చేసేశారు, బయటివాళ్ళకి వెంటనే తెలియాలని. అనువాదకుణ్ణి తప్పు పట్టను, తెరమీద అక్షరాలు నిలిచేది రెండు మూడు సెకన్లే.

నా బాధ ఇంకొకటి. కొరియా భాషలో మగవాడు అన్నని 'హ్యుంగ్' అంటాడు, ఆడపిల్ల 'ఒప్పా' అంటుంది. క్రియాపదం చివర మారితే మర్యాదా మారిపోతుంది. ఇంగ్లీషులో అదంతా ఒక్క 'యూ' అయిపోతుంది. ఇక్కడ మనకేమో తెలుగులో నువ్వు, మీరు, వీధిలోకి దిగితే ఒడియాలో తు, తుమే, ఆపణ. ఎవరు ఎవర్ని ఎప్పుడు 'తు'లోకి దించారో చెవికి తెలిసిపోతుంది. నా సలహా: తెలుగు డబ్బింగ్ ఉంటే ఒకసారి అదీ వినండి. అన్నయ్య, బాబాయ్, అత్తా వెనక్కి వస్తారు. గొంతులు మాత్రం భరించాలి. ఈసారికి మీ అబ్బాయి సగమే గెలిచాడు.

ప్రశ్న: మీ షాపులో అన్నీ పైరసీ సీడీలే కదా?
పేరు రాయని పాఠకుడు, బరంపురం

జవాబు: అన్నీ కాదు. మీరు తిరిగివ్వనిది మాత్రం ఒరిజినలే అయ్యుంటుంది.

ప్రశ్న: ఎవరికీ ఫిర్యాదు లేని కొరియా కథ ఒకటైనా ఉందా?
టీచర్, ఛత్రపురం

జవాబు: ముసలావిడ పడుచుపిల్లగా మారే కథ. 2014లో కొరియాలో 'మిస్ గ్రానీ'గా వచ్చింది. చైనా, వియత్నాం, జపాన్, థాయ్‌లాండ్, ఇండోనేషియా ఎవరికి వాళ్ళు తీసుకున్నారు. 2019లో నందినీ రెడ్డి 'ఓ బేబీ' తీసింది. లక్ష్మీ సమంతా ఒకే మనిషంటే మా అమ్మకి ఏ అభ్యంతరమూ లేకపోయింది. ఇంతకన్నా దీని గురించి రాయడానికేం లేదు, బామ్మలు అన్ని ఊళ్ళలోనూ ఒకటే.

ప్రశ్న: 'మెమరీస్ ఆఫ్ మర్డర్' రెండు గంటలు చూశాక హంతకుణ్ణి చూపించరు. ఇది మోసం కాదా? విదేశాల్లో కూడా ఇలాగే తిట్టుకున్నారా?
కోరాపుట్

జవాబు: తిట్టుకున్నవాళ్ళున్నారు, అదే గొప్ప అన్నవాళ్ళూ ఉన్నారు. నా షాపులో మాత్రం ఇద్దరు డబ్బులు వెనక్కి అడిగారు. రెండో సీడీ ఎక్కడ అని ఒకాయన నిలదీశాడు. కొరియావాళ్ళకి ఆ అనుమానం రాలేదు. ఎందుకంటే 1986 నుంచి 1991 దాకా హ్వాసంగ్‌లో జరిగిన ఆ హత్యలు వాళ్ళకి తెలుసు, 2003లో సినిమా వచ్చేనాటికి హంతకుడు దొరకలేదనీ తెలుసు. అందుకే చివర్లో డిటెక్టివ్‌గా వేసిన సాంగ్ కాంగ్ హో కెమెరా వైపు తిరిగి సూటిగా చూస్తాడు. హంతకుడు ఎప్పటికైనా ఈ సినిమా చూడొచ్చు, వాడి కళ్ళలోకి చూడాలని డైరెక్టర్ ఆలోచన.

2019లో డీఎన్ఏతో మనిషి బయటపడ్డాడు. మరదల్ని చంపిన కేసులో 1994 నుంచీ జైల్లోనే ఉన్నాడు. 2020లో కోర్టులో సాక్ష్యం చెబుతూ, ఆ సినిమా జైల్లో చూశానన్నాడు. ఏమనిపించిందని అడిగితే, మామూలు సినిమాలాగే చూశాను, ఏమీ అనిపించలేదన్నాడు.