ఇంప్లాంట్ చుట్టూ చిగురు వాచింది.. తప్పు స్క్రూదేనా?

ప్రశ్న: నా వయసు 54. షుగర్ ఉంది. ఐదు వారాల కిందట కింది దవడకు డెంటల్ ఇంప్లాంట్ (కట్టుడు పన్ను నిలబెట్టడానికి ఎముకలో దించే స్క్రూ) వేయించుకున్నాను. పది రోజులుగా చుట్టూ చిగురు ఎర్రబడి, బ్రష్ చేస్తే రక్తం వస్తోంది. ఇంట్లో ఉన్న అమాక్సిసిలిన్ మూడు రోజులు వేసుకుంటే తగ్గి, మళ్లీ మొదలైంది. ‘స్పెషల్ సర్ఫేస్’ రకం అయితే త్వరగా మానేదట. తీయించి మార్పించుకోవాలా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: తీయించే మాట తర్వాత. మూడు నెలల షుగర్ సగటు ఎంతో మీరు రాయలేదు. నాకు ముందు కావాల్సింది అదే. షుగర్ అదుపులో లేకపోతే ఏ సర్ఫేస్ అయినా గాయం ఆలస్యంగానే మానుతుంది. సిగరెట్ తాగినా అంతే.

ఇక మీరన్న ‘స్పెషల్ సర్ఫేస్’ అంటే గరుకు చేసిన పైపొర. నిజానికి ఇప్పుడు వేసే టైటానియం స్క్రూలు చాలావరకు గరుకు చేసినవే. సన్నటి గట్టి రేణువులతో కొట్టి, యాసిడ్‌లో ముంచుతారు. ఆ గరుకు మైక్రాన్లలో ఉంటుంది, వేలికి తెలియదు. రక్తపు గడ్డ దాన్ని గట్టిగా పట్టుకుంటుంది, ఎముక కణాలు దాని మీద పెరుగుతాయి. పాత నున్నటి రకానికి కింది దవడలో మూడు నెలలు, పై దవడలో ఆరు నెలలు ఆగేవాళ్లు. ఇప్పుడు ఎముక బాగుంటే ఆరు నుంచి ఎనిమిది వారాలకే పన్ను బిగించే వీలుంది. కానీ ఈ లాభం ఎముకకే. చిగురు తగిలే చోట గరుకుంటే పాచి పట్టి వదలదు. అందుకే చాలా రకాల్లో స్క్రూ పైభాగాన్ని, చిగురు తగిలే చోట, నున్నగా ఉంచుతారు. మీ ఇబ్బంది చిగురు దగ్గర, కాబట్టి స్క్రూ రకం మార్చినంత మాత్రాన తీరేది కాదు.

ఇక ఆ మూడు రోజుల అమాక్సిసిలిన్. తగ్గలేదండీ, అణిగింది. పాచి అలాగే ఉంటే మాత్ర ఏం చేస్తుంది? పైగా డాక్టర్ చూసి పోల్చుకోవాల్సిన వాపును మీరే మాత్రతో దాచిపెట్టారు. ఈరోజు పొద్దున కూడా ఒకావిడ, కోడలికి రాసిన చీటీతో మందులు కొని వాడి, దవడ వాచాక వచ్చారు. ఏం చెప్పను!

చూడకుండా ఇన్ఫెక్షనే అని నేను అనను. పైన బిగించిన క్యాప్ వదులైనా ఇలాగే ఉంటుంది. ఇంప్లాంట్ వేసిన డాక్టర్‌నే రెండు మూడు రోజుల్లో కలవండి, ఎక్స్‌రే అవసరం కావచ్చు. చీము, జ్వరం, స్క్రూ కదలడం, పెదవి మొద్దుబారడం ఉంటే ఆ రోజే వెళ్లాలి. ఎముకల బలానికి మాత్రలో ఇంజెక్షనో వాడుతుంటే తప్పక చెప్పండి. రక్తం వస్తోందని బ్రష్ మానొద్దు, మెత్తటిది వాడండి. మిగిలిన అమాక్సిసిలిన్ స్ట్రిప్ కూడా తీసుకెళ్లండి, ఎన్ని మింగారో లెక్క తేలుతుంది.